ఐడీఈలోకి ఇల్లరికం: ప్లగిన్లుగా మారిన డెస్క్‌టాప్ అప్లికేషన్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత పని గురించి, ఆ పని చేయబోయి దెబ్బలు తిన్న పెద్ద పెద్ద ప్రాజెక్టుల గురించి మాట్లాడుకుందాం.

పని వినడానికి చాలా చిన్నది. ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ ఉంది. ఏళ్ళ తరబడి బాగానే నడుస్తోంది. దాన్ని వాడేది డెవలపర్లే. కోడ్ రాయడానికి ఒక విండో, ఈ టూల్ కోసం ఇంకో విండో, రోజంతా ఇటూ అటూ మారలేక వాళ్ళకి విసుగొస్తుంది. అప్పుడు మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, "దీన్ని మన ఐడీఈలోనే ఒక ప్లగిన్‌గా పెట్టేస్తే పోలా? ఉన్నదాన్నే లోపల చూపించడమేగా, రెండు వారాలు చాలు."

ఆ రెండు వారాలు ఎందుకు చాలవో చెప్పడానికి నాకు దొరికిన మంచి పోలిక ఇల్లరికం. సొంతింట్లో ఉన్నంతకాలం ఆ అబ్బాయి మహారాజు. టీవీ రిమోట్ ఆయనదే, వీధి తలుపు తాళం ఆయనదే, రాత్రి పడుకునే ముందు మెయిన్ స్విచ్ ఆపేసినా అడిగేవాళ్ళు లేరు. అదే అలవాటుతో అత్తగారింట్లో మెయిన్ ఆపేస్తే? ఇల్లంతా చీకటి. డెస్క్‌టాప్ అప్లికేషన్ కూడా అంతే. ప్రాసెస్ మొత్తం తనదే అనుకుని రాసిన కోడ్ అది. ఐడీఈలోకి వచ్చాక అది అల్లుడు. ఈ మార్పు కోడ్‌లో ఎక్కడెక్కడ గుచ్చుకుంటుందో, నలభై ఏళ్ళలో ఎవరు ఎలా సర్దుకున్నారో చూద్దాం.

మొదట్లో ఇంత కష్టం లేదు

1980ల మధ్యకి వెళ్దాం. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో గ్నూ ఇమాక్స్ ఎడిటర్‌ని బయటపెట్టారు. మరుసటి ఏడాది, 1986లో, జీడీబీ అనే డీబగ్గర్ రాశారు. సీ భాష నేర్చుకున్నవాళ్ళలో చాలామంది కాలేజీ ల్యాబ్‌లో ఎప్పుడో ఒకప్పుడు జీడీబీని చూసే ఉంటారు. అది టెర్మినల్‌లో ఒంటరిగా నడిచే ప్రోగ్రామ్. మనం ఒక కమాండ్ టైప్ చేస్తాం, అది ఒక జవాబు ప్రింట్ చేస్తుంది.

దాన్ని ఇమాక్స్ లోపలికి ఎలా తెచ్చారు? జీడీబీని ఒక విడి ప్రాసెస్‌గానే నడిపారు. మనం టైప్ చేసింది ఇమాక్స్ దానికి అందిస్తుంది, అది ప్రింట్ చేసింది తెచ్చి మనకి చూపిస్తుంది. ఒక్కటే చిక్కు. ప్రోగ్రామ్ ఏ ఫైల్లో ఏ లైన్ దగ్గర ఆగిందో ఎడిటర్‌కి తెలియాలి కదా, అప్పుడే ఆ ఫైల్ తెరిచి బాణం గుర్తు పెట్టగలదు. అందుకోసం జీడీబీలో ఫుల్‌నేమ్ అనే ఒక ఆప్షన్ పెట్టారు. ఆ ఆప్షన్‌తో మొదలుపెడితే, ఆగిన ప్రతిసారీ జీడీబీ ఒక ప్రత్యేకమైన లైన్ ప్రింట్ చేస్తుంది: ముందు రెండు కంట్రోల్-జెడ్ అక్షరాలు, తర్వాత ఫైల్ పేరు, లైన్ నంబర్, అక్షరం స్థానం, వీటి మధ్య కోలన్లు. ఇమాక్స్ ఆ లైన్‌ని మనకి చూపించకుండా పట్టుకుని, ఆ ఫైల్ తెరిచి, ఆ లైన్ దగ్గర గుర్తు పెడుతుంది.

అంతే. రెండు ప్రోగ్రాములు, మధ్యలో ఒక చిన్న ఒప్పందం. జీడీబీ చచ్చిపోయినా ఇమాక్స్ బతికే ఉంటుంది. ఈ రెండు కంట్రోల్-జెడ్‌ల సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

విండోలు వచ్చాక

టెర్మినల్ లోకంలో ప్రోగ్రామ్ అంటే లోపలికి వచ్చే అక్షరాలు, బయటికి వెళ్ళే అక్షరాలు. అందుకే కలపడం సులువైంది. గ్రాఫికల్ విండోలు వచ్చాక ప్రోగ్రామ్‌కి ముఖం వచ్చింది. మెనూలు, కీబోర్డ్ షార్ట్‌కట్లు, ఫోకస్, డైలాగ్ బాక్సులు వచ్చాయి.

ఒక ప్రోగ్రామ్ విండోని ఇంకో ప్రోగ్రామ్‌లో కూర్చోబెట్టడాన్ని జనం మధ్యకి తెచ్చింది మైక్రోసాఫ్ట్. 1993 నాటి ఓఎల్‌ఈ 2తో వర్డ్ డాక్యుమెంట్‌లో ఉన్న ఎక్సెల్ షీట్ మీద డబుల్ క్లిక్ చేస్తే, అక్కడికక్కడే ఎక్సెల్ మేలుకుంటుంది. వర్డ్ మెనూలు పోయి వాటి చోట ఎక్సెల్ మెనూలు వస్తాయి. దీనికోసం రెండు ప్రోగ్రాములూ ముందే బోలెడు నియమాలకి ఒప్పుకోవాలి: మెనూ ఎవరిది, టూల్‌బార్‌కి ఎంత చోటు, ఫోకస్ పోతే ఎవరికి చెప్పాలి. ఆ నియమాల ప్రకారం మొదటినుంచీ రాసుకున్నవాళ్ళకి అది పనిచేసింది. కానీ మన సమస్య వేరు. మన చేతిలో ఉన్నది ఏ నియమమూ తెలియకుండా రాసేసిన అప్లికేషన్. దాన్ని లోపలికి తేవాలి. ఈ సమస్య పూర్తి స్థాయిలో బయటపడింది జావా లోకంలో, ఎక్లిప్స్ దగ్గర.

ఎక్లిప్స్, రెండు వంశాల గొడవ

కెనడాలోని ఒట్టావాలో ఓటీఐ అనే కంపెనీ ఉండేది, పూర్తి పేరు ఆబ్జెక్ట్ టెక్నాలజీ ఇంటర్నేషనల్. స్మాల్‌టాక్ భాషలో ఆరితేరినవాళ్ళు. 1996లో ఐబీఎం దాన్ని కొనేసింది. ఐబీఎం కోసం వాళ్ళు చేసిన విజువల్‌ఏజ్ ఫర్ జావా అనే ఐడీఈ కూడా స్మాల్‌టాక్‌లోనే రాసింది. అందులో మనం రాసే జావా కోడ్ మామూలు ఫైళ్ళలో కాకుండా ఐడీఈ సొంత రిపాజిటరీలో ఉండేది. దాంతో బయటి టూల్స్‌ని దానితో కలపడం పెద్ద తలనొప్పి.

ఆ అనుభవంతో తర్వాత కట్టిన ఐడీఈలో వాళ్ళు తలకిందులుగా ఆలోచించారు. టూల్స్ కలవడమే ముఖ్యం, మిగతాదంతా ప్లగిన్లే. ఆఖరికి జావా ఎడిటర్ కూడా ఒక ప్లగినే. అదే ఎక్లిప్స్. 2001 నవంబర్‌లో ఐబీఎం దాన్ని ఓపెన్ సోర్స్ చేసింది.

ఇక్కడే ఒక పెద్ద నిర్ణయం జరిగింది. అప్పటికి జావాలో విండోలు, బటన్లు గీయడానికి సన్ కంపెనీ ఇచ్చిన దారి స్వింగ్. 1998 డిసెంబర్‌లో జావా 1.2తో పాటు వచ్చింది. స్వింగ్ బటన్లని తనే గీసుకుంటుంది, అందుకే అన్ని ఆపరేటింగ్ సిస్టమ్స్ మీదా దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో అది నెమ్మది, విండోస్ మీద విండోస్ అప్లికేషన్‌లా కనిపించేది కాదు. ఓటీఐ వాళ్ళు దాన్ని పక్కనపెట్టి ఎస్‌డబ్ల్యూటీ అనే సొంత టూల్‌కిట్ రాసుకున్నారు. అందులో బటన్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అసలు బటనే.

ఎక్లిప్స్ వేగంగా కనిపించింది, జనం ఎగబడ్డారు. కానీ జావాలో అప్పటికే రాసి ఉన్న డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ఎక్కువ భాగం స్వింగ్‌వి. ఇల్లేమో ఎస్‌డబ్ల్యూటీది, రావాల్సిన అల్లుళ్ళందరూ స్వింగ్ వంశం వాళ్ళు.

2004 జూన్‌లో వచ్చిన ఎక్లిప్స్ 3.0 దీనికి ఒక వంతెన వేసింది. దాని పేరు ఎస్‌డబ్ల్యూటీ_ఏడబ్ల్యూటీ. ఎక్లిప్స్ వ్యూలో ఎంబెడెడ్ అనే స్టైల్‌తో ఒక ఖాళీ డబ్బా పెట్టుకుంటారు, ఈ క్లాస్ ఆ డబ్బాలో ఒక జావా ఫ్రేమ్ తయారుచేసి ఇస్తుంది, మీ స్వింగ్ ప్యానెల్‌ని అందులో వేసుకోవచ్చు. కోడ్ పట్టుమని పది లైన్లు ఉండదు. మొదటిరోజు సాయంత్రానికల్లా మీ అప్లికేషన్ ఎక్లిప్స్ లోపల కనిపిస్తుంది. డెమో అదిరిపోతుంది. "రెండు వారాలు చాలు" అన్న మాట పుట్టేది ఇక్కడే.

డెమో తర్వాత మొదలయ్యేవి

మొదటిది, మెయిన్ స్విచ్. స్వింగ్ ట్యుటోరియల్స్‌లో అందరం నేర్చుకున్న లైన్ ఒకటుంది, విండో మూస్తే ఎగ్జిట్ అవ్వాలని చెప్పేది. అది లోపల పిలిచేది సిస్టమ్.ఎగ్జిట్‌ని. అది విండోని కాదు, జావా వర్చువల్ మెషీన్ మొత్తాన్ని ఆపేస్తుంది. సొంత ప్రాసెస్‌లో అది సరైన పని. ఎక్లిప్స్ లోపల ఉన్నప్పుడు అప్లికేషన్ ఫైల్ మెనూలో ఎగ్జిట్ నొక్కితే ఐడీఈ మొత్తం మాయం, సేవ్ చేయని కోడ్‌తో సహా. నెట్‌బీన్స్ ఐడీఈ దీన్ని ముందే ఊహించి, జావా సెక్యూరిటీ మేనేజర్‌ని అడ్డం పెట్టి ఇలాంటి పిలుపుల్ని ఆపేది. అయితే ఆ సెక్యూరిటీ మేనేజర్‌నే జావా 17లో వద్దని ప్రకటించి, 2025లో వచ్చిన జావా 24లో పూర్తిగా పనిచేయకుండా చేశారు. అంటే ఆ కాపలా కూడా ఇప్పుడు లేదు.

రెండోది, థ్రెడ్లు. స్వింగ్‌కి స్క్రీన్ మీద ఏ మార్పు చేయాలన్నా ఒకే ఒక్క థ్రెడ్ ఉంటుంది. ఎస్‌డబ్ల్యూటీకి కూడా అలాంటి థ్రెడ్ ఒకటి ఉంటుంది, కానీ అది వేరేది. ఎస్‌డబ్ల్యూటీ బటన్‌ని స్వింగ్ థ్రెడ్ నుంచి ముట్టుకుంటే వెంటనే ఇన్‌వ్యాలిడ్ థ్రెడ్ యాక్సెస్ అని ఎర్రర్ కొడుతుంది. అందుకని ఒక థ్రెడ్ ఇంకో థ్రెడ్‌కి పని అప్పజెప్పాలి. అప్పజెప్పి వెళ్ళిపోతే గొడవ లేదు. అప్పజెప్పి, అది అయ్యేదాకా అక్కడే నిలబడితేనే ప్రమాదం. ఎస్‌డబ్ల్యూటీ థ్రెడ్ స్వింగ్ కోసం నిలబడింది, సరిగ్గా అదే సమయానికి స్వింగ్ థ్రెడ్ ఎస్‌డబ్ల్యూటీ కోసం నిలబడింది. ఇరుకు సందులో రెండు ఆటోలు ఎదురెదురుగా వచ్చి, నువ్వు వెనక్కి తియ్యి అంటే నువ్వు తియ్యి అని ఆగిపోయినట్టు. ఐడీఈ గడ్డకట్టుకుపోతుంది. ఎర్రర్ ఉండదు, లాగ్ ఉండదు. పది రోజులకోసారి ఒకరి మెషీన్‌లో జరుగుతుంది, మీ మెషీన్‌లో మాత్రం జరగదు.

మ్యాక్ మీద ఇది ఇంకా ఘోరం. అక్కడ విండోల పని ప్రాసెస్‌లోని మొట్టమొదటి థ్రెడ్ మీదే జరగాలని ఆపిల్ నియమం. ఎస్‌డబ్ల్యూటీ అప్లికేషన్‌ని మ్యాక్‌లో నడపాలంటే మొదటి థ్రెడ్ మీదే మొదలుపెట్టమని జావాకి ప్రత్యేకంగా ఆప్షన్ ఇవ్వాలి. ఒకే కుర్చీ, కూర్చోవాల్సినవాళ్ళు ఇద్దరు.

మూడోది, అడ్రస్. సొంత అప్లికేషన్‌లో సెట్టింగ్స్ ఫైల్‌ని పేరు పెట్టి పిలిస్తే చాలు, ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో దాంట్లోనే దొరుకుతుంది. ఐడీఈలో ఆ "ప్రస్తుత ఫోల్డర్" ఐడీఈ ఎక్కడి నుంచి మొదలైందో అది. సెట్టింగ్స్ ఫైల్ అక్కడ ఉండదు, కొత్తది రాస్తే ఎక్కడో అనుకోని చోట పడుతుంది. ప్లగిన్‌కి రాసుకోవడానికి ఎక్లిప్స్ విడిగా ఒక చోటు ఇస్తుంది, వర్క్‌స్పేస్‌లోని మెటాడేటా ఫోల్డర్ కింద. పాత కోడ్‌కి ఆ సంగతి తెలియదు.

నాలుగోది, క్లాస్‌లోడర్. ఎక్లిప్స్ 3.0 నుంచి ప్లగిన్ల పునాది ఓఎస్‌జీఐ. అందులో ప్రతి ప్లగిన్‌కీ విడి క్లాస్‌లోడర్. ఇది మంచిదే, ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు రెండు ప్లగిన్లలో హాయిగా ఉండొచ్చు. కానీ క్లాస్ పేరుని అక్షరాల్లో ఇచ్చి నడుస్తున్నప్పుడు వెతుక్కునే పాత లైబ్రరీలు ఇక్కడ దారి తప్పుతాయి. జార్ ఫైల్ కళ్ళముందే ఉంటుంది, క్లాస్ దొరకలేదని మాత్రం ఎర్రర్ వస్తుంది. చివరికి ఎక్లిప్స్ వాళ్ళు బడ్డీ పాలసీ అని ఒక సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. పక్క ప్లగిన్ ఇంట్లో కూడా వెతుక్కో అని దాని అర్థం.

ఐదోది, చిన్న చిన్న మర్యాదలు. స్వింగ్ మెనూ తెరిచి ఉంచి పక్కన ఎస్‌డబ్ల్యూటీ భాగంలో క్లిక్ చేస్తే ఆ మెనూ మూసుకోదు. సైజు మారిస్తే స్క్రీన్ మినుకుమంటుంది. స్వింగ్ డైలాగ్ తెరుచుకుంటే మిగతా ఎక్లిప్స్ ఆగాలి, కానీ ఆగదు. 2007లో శాస్ ఇన్‌స్టిట్యూట్ ఇంజినీర్ ఒకరు ఎక్లిప్స్ సైట్‌లో దీని గురించి ఒక పెద్ద వ్యాసమే రాశారు, ఒక్కో సమస్యకీ ఒక్కో మందుతో. ఆ పది లైన్ల కోడ్ నిజంగా పనిచేయాలంటే ఎంత అవసరమో ఆ వ్యాసం పొడవు చూస్తేనే తెలిసిపోతుంది.

ముఖం తేకుండా వచ్చినవాడు

అదే రోజుల్లో ఇంకో దారిలో వచ్చిన టూల్ ఒకటుంది, ఫైండ్‌బగ్స్. మేరీలాండ్ యూనివర్సిటీలో బిల్ ప్యూ, డేవిడ్ హోవ్‌మేయర్ మొదలుపెట్టారు. జావా క్లాస్ ఫైళ్ళని చదివి, ఇక్కడ నల్ పాయింటర్ రావొచ్చు, ఇక్కడ పోలిక తప్పు అని చెప్పే టూల్. దానికి స్వింగ్‌లో రాసిన మంచి డెస్క్‌టాప్ విండో ఉండేది.

ఎక్లిప్స్‌లోకి వచ్చినప్పుడు వాళ్ళు ఆ విండోని వెంట తీసుకురాలేదు. వెతికే ఇంజిన్‌ని మాత్రమే తెచ్చారు. ఫలితాల్ని ఎక్లిప్స్ భాషలోనే చూపించారు. ఎడిటర్ పక్కన కంపైలర్ ఎర్రర్ వచ్చే చోటే చిన్న పురుగు బొమ్మ. డెవలపర్‌కి కొత్త స్క్రీన్ నేర్చుకునే పని లేదు. అదే ఇంజిన్ యాంట్‌లో, మావెన్‌లో కూడా నడిచింది. ఫైండ్‌బగ్స్ పని తర్వాత ఆగిపోయింది, కానీ దాని వారసుడు స్పాట్‌బగ్స్ అదే పద్ధతిలో ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇంజిన్‌ని, ముఖాన్ని విడదీయడం ఎంత ముఖ్యమో చూపించడానికి దీనికన్నా పెద్ద కథ ఒకటుంది. అమీర్‌పేట్ ఇన్‌స్టిట్యూట్లలో ఎక్లిప్స్ మీద ఆండ్రాయిడ్ నేర్చుకున్న తరానికి బాగా తెలిసిన కథ.

డీడీఎంఎస్: వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళి

2007 నవంబర్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ ఎస్‌డీకేని మొదటిసారి చూపించింది. ఐడీఈగా ఎక్లిప్స్‌ని ఎంచుకుని, దానికి ఏడీటీ అనే ప్లగిన్ ఇచ్చింది. ఎస్‌డీకేలో డీడీఎంఎస్ అనే డెస్క్‌టాప్ టూల్ ఉండేది. ఫోన్‌లో నడుస్తున్న అప్లికేషన్లు, వాటి థ్రెడ్లు, మెమరీ, లాగ్, ఫైళ్ళు, అన్నీ అందులో చూడొచ్చు. ఎమ్యులేటర్‌కి ఉత్తుత్తి ఫోన్ కాల్, ఉత్తుత్తి మెసేజ్ కూడా పంపొచ్చు.

దీన్ని రాసినవాళ్ళు తెలివిగా రెండు పనులు చేశారు. ఒకటి, స్వింగ్‌లో కాకుండా ఎక్లిప్స్ వంశమైన ఎస్‌డబ్ల్యూటీలోనే రాశారు. రెండు, దాన్ని మూడు ముక్కలు చేశారు. ఫోన్‌తో మాట్లాడే పని డీడీఎం-లిబ్. స్క్రీన్ మీది ప్యానెళ్ళు డీడీఎం-యూఐ-లిబ్. ఈ రెండింటినీ కలిపి విండోగా చూపించే పలచటి పొర డీడీఎంఎస్. ఎక్లిప్స్‌లోకి తేవాలంటే మొదటి రెండు ముక్కలూ తీసుకుని పైపొర మార్చితే చాలు. స్వింగ్ వాళ్ళు పడ్డ థ్రెడ్ల బాధ వీళ్ళకి లేదు.

అయినా ఒక ముల్లు మిగిలింది, పోర్ట్ 8700. ఆ తరం ఆండ్రాయిడ్ డెవలపర్లకి ఈ నంబర్ చెబితే చాలు, ముఖం మారిపోతుంది. ఫోన్‌లోని ఒక అప్లికేషన్‌కి ఒకసారికి ఒకే డీబగ్గర్ అతుక్కోగలదు. డీడీఎంఎస్ మధ్యవర్తిగా కూర్చుని, ఒక్కో అప్లికేషన్‌కి 8600 నుంచి వరసగా ఒక్కో పోర్ట్ ఇస్తుంది, మీరు ఎంచుకున్నదాన్ని 8700 మీద కూడా అందిస్తుంది. ఇప్పుడు విడిగా డీడీఎంఎస్ తెరిచి ఉంది, ఎక్లిప్స్ లోపల కూడా అదే డీడీఎంఎస్ ఉంది. రెండూ 8700 నాదే అంటాయి. రెండోదానికి దొరకదు. ఇంకో డీడీఎంఎస్ గానీ ఎక్లిప్స్ ప్లగిన్ గానీ నడుస్తోందేమో చూసుకోండి అని ఎర్రర్ వస్తుంది. "మెషీన్ మీద నేనొక్కదాన్నే" అన్న నమ్మకం కోడ్‌లో మిగిలిపోవడమే దీనికి కారణం.

ఇదే ఎస్‌డీకేలో హైరార్కీ వ్యూయర్ అనే టూల్ కూడా ఉండేది, స్క్రీన్ మీది లేఅవుట్‌ని చెట్టులా చూపించేది. మొదట స్వింగ్‌లో వచ్చింది. తర్వాత దాన్ని ఎస్‌డబ్ల్యూటీలో మళ్ళీ రాశారు, లైబ్రరీ వేరు, అప్లికేషన్ వేరుగా. అలా అదీ ఎక్లిప్స్‌లోకి వచ్చింది. అంతా సర్దుకుంది అనుకునే లోపు ఇల్లే మారిపోయింది.

2013 మేలో గూగుల్ ఆండ్రాయిడ్ స్టూడియో ప్రకటించింది. దాని పునాది జెట్‌బ్రెయిన్స్ వాళ్ళ ఇంటెల్లిజే ఐడియా. ఇంటెల్లిజే దేంట్లో రాసి ఉంది? స్వింగ్‌లో! ఎక్లిప్స్ కోసం ఎస్‌డబ్ల్యూటీలో అందంగా రాసుకున్న ప్యానెళ్ళన్నీ ఒక్క ప్రకటనతో వేరే వంశం అయిపోయాయి.

అప్పుడు ఏం జరిగిందో చూడండి. ఫోన్‌తో మాట్లాడే డీడీఎం-లిబ్‌కి ఏమీ కాలేదు. దానికి ముఖం లేదు, అది ఏ ఇంట్లోనైనా ఉండగలదు. నేరుగా ఆండ్రాయిడ్ స్టూడియోలోకి నడిచి వచ్చేసింది. లాగ్‌క్యాట్ లాంటి కొన్ని స్క్రీన్లని దాని మీద స్వింగ్‌లో కొత్తగా రాసుకున్నారు. మిగతా ఎస్‌డబ్ల్యూటీ ప్యానెళ్ళని, హైరార్కీ వ్యూయర్‌ని, ట్రేస్‌వ్యూని కలిపి ఆండ్రాయిడ్ డివైస్ మానిటర్ అనే విడి అప్లికేషన్‌గా ఉంచారు. స్టూడియోలో దానికి ఒక మెనూ ఐటమ్, నొక్కితే బయట వేరే విండో తెరుచుకుంటుంది. విడి అప్లికేషన్‌గా పుట్టి, ప్లగిన్ అయి, మళ్ళీ విడి అప్లికేషన్ అయింది. స్టూడియోలో డీబగ్ చేస్తున్నవాళ్ళు దీనిలో డీబగ్ చేయాలంటే ముందు స్టూడియో డీబగ్గర్‌ని విడదీసుకోవాలి. పాత ముల్లే.

2015 చివరితో ఎక్లిప్స్ ప్లగిన్‌కి గూగుల్ మద్దతు ఆగిపోయింది. ఆండ్రాయిడ్ స్టూడియో 3.1లో డివైస్ మానిటర్‌ని పాతదిగా ప్రకటించి, 3.2లో తీసేశారు. అది 2018. దాని పనుల్ని ప్రొఫైలర్, లేఅవుట్ ఇన్‌స్పెక్టర్, డివైస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పంచుకున్నాయి, అన్నీ కొత్తగా రాసినవే. ఏళ్ళ తరబడి మనుషులు కూర్చుని రాసిన ప్యానెళ్ళు ఇలా పోయాయి. ఇంజిన్ మాత్రం మిగిలింది.

ఎమ్యులేటర్, విండో లేకుండా

ఈ కథ నుంచి గూగుల్ నేర్చుకుందో లేదో నేను చెప్పలేను గానీ, 2020లో ఆండ్రాయిడ్ స్టూడియో 4.1లో ఎమ్యులేటర్‌ని ఐడీఈ లోపలికి తెచ్చిన తీరు చూడండి. ఎమ్యులేటర్ అంటే క్యూఈఎంయూ మీద కట్టిన పెద్ద నేటివ్ అప్లికేషన్, దాని విండో క్యూటీతో రాసింది. ఆ విండోని పట్టుకొచ్చి స్వింగ్‌లో అతికించలేదు. ఎమ్యులేటర్ విడి ప్రాసెస్‌గానే, విండో దాచేసుకుని నడుస్తుంది. స్క్రీన్ మీద ఏముందో ఆ బొమ్మల్ని జీఆర్‌పీసీ ద్వారా స్టూడియోకి పంపుతుంది. స్టూడియో వాటిని తన ప్యానెల్‌లో గీసుకుని, మీరు ఎక్కడ తాకారో తిరిగి చెబుతుంది. ఎమ్యులేటర్ కూలిపోతే ఆ ప్యానెల్ ఖాళీ అవుతుంది, అంతే. మీ కోడ్ భద్రం.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్‌ని ప్రకటించాయి. ఎడిటర్ ఒక ప్రాసెస్, భాష తెలిసిన బుర్ర ఇంకో ప్రాసెస్, మధ్యలో సందేశాలు. వీఎస్ కోడ్‌లో జావా రాయడానికి మీలో చాలామంది రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఉంటారు. దాని లోపల నడిచేది ఏంటో తెలుసా? ఎక్లిప్స్. విండోలు తీసేసిన ఎక్లిప్స్, దాని జావా ఇంజిన్. కొన్ని ప్రాజెక్టుల్లో మీరు పెట్టకుండానే డాట్ ప్రాజెక్ట్, డాట్ క్లాస్‌పాత్ అనే ఫైళ్ళు కనిపిస్తాయే, అవి ఎక్లిప్స్ ఆనవాళ్ళే. ఒకప్పుడు అందరూ ప్లగిన్లుగా వచ్చి చేరిన ఇల్లు, ఇవాళ తనే ఇంకొకరి ఇంట్లో ప్లగిన్.

ఇప్పుడు ఆ రెండు కంట్రోల్-జెడ్‌లు గుర్తు తెచ్చుకోండి. విడి ప్రాసెస్, మధ్యలో ఒప్పందం. ముప్ఫై ఏళ్ళు తిరిగి పరిశ్రమ ఇమాక్స్, జీడీబీ ఉన్నచోటికే వచ్చింది.

మీ టేబుల్ మీదికి వస్తే

ఇది మ్యూజియం కథ కాదండి. బ్యాంకులకి, ఇన్సూరెన్స్‌కి పనిచేసే టీముల్లో పాత స్వింగ్ టూల్స్ ఇంకా నడుస్తున్నాయి. "దీన్ని ఐడీఈలోకి తెండి" అనే మాట రేపు మీ టికెట్‌గా రావొచ్చు. ఆ పనికి ఒప్పుకునే ముందు కోడ్ తెరిచి కొన్ని ప్రశ్నలు వేసుకోండి. సిస్టమ్.ఎగ్జిట్ ఎన్నిచోట్ల ఉంది? ఫైళ్ళని పేరుతో మాత్రమే పిలుస్తోందా? పోర్టులు, స్టాటిక్ వేరియబుల్స్, లాక్ ఫైళ్ళు "నేనొక్కదాన్నే" అనుకుంటున్నాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, విండో తెరవకుండా ఈ టూల్‌ని ఒక టెస్ట్ నుంచి నడిపించగలమా? ఈ చివరిదానికి అవును అనే జవాబు వస్తే మీ ఇంజిన్ అప్పటికే వేరుగా ఉన్నట్టు, సగం పని అయిపోయినట్టే. కాదు అని వస్తే, అసలు పని ప్లగిన్ రాయడం కాదు, ఇంజిన్‌ని విడదీయడం. మేనేజర్‌కి చెప్పే ఎస్టిమేట్ దానికి ఇవ్వండి, డెమోకి కాదు.

విండోని ఉన్నదున్నట్టు అతికించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఏడాది రెండేళ్ళలో పక్కనపెట్టేసే టూల్ అయితే, వాడేది పదిమందే అయితే, ఆ పది లైన్ల వంతెన చాలు. సిస్టమ్.ఎగ్జిట్‌లు తీసేసి వాడుకోండి. కానీ పదేళ్ళు బతకాల్సిన టూల్ అయితే ఒక లెక్క వేయండి. ఆ పదేళ్ళలో ఐడీఈ మారుతుంది. ఎక్లిప్స్ పోయి స్టూడియో వచ్చింది, చాలామందికి వీఎస్ కోడ్ వచ్చింది, ఇప్పుడు ఏఐ ఎడిటర్లు వస్తున్నాయి. ముఖం ప్రతి ఇంటికీ మళ్ళీ కొత్తగా చేయించుకోవాల్సిందే. పని తెలిసిన భాగం చేతిలో విడిగా ఉంటే, ఏ ఇంటికి పంపినా అది బతుకుతుంది.

మీ ఆఫీసులో ఇలాంటి టూల్ ఏదైనా ఉంటే, ఆ చివరి ప్రశ్నకి మీ జవాబు ఏంటో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.